సీటు మీద ఇద్దరు

పదకొండో భాగం

"గుర్తు లేదు మాస్టారూ" అని దీపాల మేస్త్రీ తల దించుకున్న చోట పోయిన వారం కథ ఆగింది. డ్రాయింగు మాస్టారు ఇంకేమీ అడగకుండా చంకకర్రలు సర్దుకుని, మోటారు సైకిళ్ళకి లైట్లు బిగించే ఆ షాపు మెట్టు దిగి వెళ్ళిపోయాడు.

ఆయన అడిగింది చిన్న ప్రశ్నే. రెండు నెలల కిందట ఒక గురువారం మునిమాపు వేళ ఆయన కాల్వ వంతెన మీద సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. ఎదురుగా వచ్చిన మోటారు సైకిలు వెలుగు తెల్లగా వచ్చి కళ్ళలో కొట్టింది. రెయిలింగు విరిగిన వైపుకి సైకిలు జారి, మనిషి రోడ్డుకి రెండడుగుల కింద గట్టు రాళ్ళ మీద పడ్డాడు. పాల వ్యాను అతను చూసి ఆస్పత్రికి చేర్చేసరికి చాలా ఆలస్యమైంది. ఎడమ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ఆ బండి గురించి మాస్టారికి గుర్తున్నది ఒక్కటే. దాని ఎడమ ఇండికేటర్ మామూలుగా కాకుండా, తరుముకొస్తున్నట్టు టకటకా కొట్టుకుంది. ఆ గుర్తు పట్టుకుని ఆరు షాపులు తిరిగి, చివరికి ఏడోదానికి వచ్చి, అలాంటి బండి ఎవరిదో గుర్తుందా అని అడిగాడు.

ఇండికేటర్ అలా ఎందుకు కొట్టుకుంటుందో మేస్త్రీకి తెలియక కాదు. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెడితే అవి కరెంటు కొంచెమే తాగుతాయి. ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ డబ్బీ మాత్రం ఏదో బల్బు మాడిపోయిందనుకుని కంగారుపడి వేగంగా కొడుతుంది. ఫ్లాషర్ కూడా మార్చాలి. అది మార్చకుండా మేస్త్రీ ఏ బండినీ పంపడు. ఒక్క బండికి మాత్రం, సరైన ఫ్లాషర్ ఆ రోజు దొరకక, "వచ్చే వారం తీసుకురా, మారుస్తా" అని పంపాడు. ఆ బండి తమ్ముడిది. వాడు మళ్ళీ తీసుకురానే లేదు.

తమ్ముడంటే పేరుకే తమ్ముడు. వాడి నాలుగేళ్ళ వయసులో తల్లీ తండ్రీ పోతే మేస్త్రీ, అతని భార్య కన్నకొడుకులా పెంచుకున్నారు. వాళ్ళకి పిల్లలు లేరు. వచ్చే నెల వాడు ఆస్పత్రిలో అంబులెన్సు డ్రైవరుగా చేరబోతున్నాడు. వాడి మీద ఏ కేసూ లేదని పోలీసుల కాగితం ఒక్కటి రావాలి.

అదీ మేస్త్రీ నోట "గుర్తు లేదు" అన్న మాట పలికించింది.

* * *

మూడు రోజులు గడిచాయి. మూడు రోజులూ మేస్త్రీ పొద్దున్నే షాపు తెరిచి, ఎప్పటిలాగే మొదటి వైరు ముట్టుకునే ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ దేవుణ్ణి అడిగేది ఒకటే: నా చేతి పని వల్ల ఎవరికీ కీడు జరక్కూడదు. ఈ మూడు రోజులూ ఆ మాట దగ్గరికి రాగానే పెదవులు ఆగిపోయాయి. అబద్ధం చెప్పిన నోటితో ఏది అడిగినా అది వినబడుతుందా? వినబడినా, ఆ వినేవాడికి ఈ మధ్య జరిగింది తెలియదా?

నాలుగో రోజు వారాంతపు సెలవు. మేస్త్రీ తమ్ముడికి ఫోన్ చేసి, "ఫ్లాషర్ దొరికిందిరా, బండి షాపు ముందు పెట్టి పో" అన్నాడు. వాడు "ఇన్నాళ్ళకి గుర్తొచ్చిందా అన్నయ్యా" అని నవ్వి, బండి పెట్టి, తాళం ఇచ్చి, ఎవరి స్కూటరో ఎక్కి వెళ్ళాడు. వాడి ముఖంలో ఏదైనా ఉందేమోనని మేస్త్రీ వెతికాడు. వాడు హెల్మెట్టు తియ్యలేదు.

బండి లోపలికి తోసి, షట్టరు మోకాలి ఎత్తుకి దించాడు. షాపులో మధ్యాహ్నమే చీకటి పడింది.

ఆ షాపుకి వెనక గోడ మీద ఒక నీలం గీత ఉంది. ముప్ఫై ఏళ్ళ కిందట షాపు తెరిచిన రోజున మేస్త్రీ దారానికి నీలిమందు పూసి, తనే కొట్టిన గీత. ఏటా సున్నం వేయించినప్పుడల్లా మళ్ళీ దాని మీదే కొడతాడు. గోడకి పదిహేను అడుగుల దూరంలో నేల మీద ఇనప పట్టీ. ముందు చక్రం పట్టీ మీద పెట్టి, బండిని పెద్ద స్టాండు మీద నిలబెట్టి, డిమ్ము వేస్తే వెలుగు పై అంచు సరిగ్గా ఆ గీత మీద పడాలి. గీత దాటితే ఎదుటివాడి కళ్ళకి దెబ్బ. దిగితే నడిపేవాడికి దారి కనబడదు. ఎంతమంది చేత ఎన్ని తిట్లు తిన్నా, ఎంత తొందర పెట్టినా, గీత చూసుకోకుండా అతను బండి వదలలేదు. ఎల్‌ఈడీ బల్బు పెట్టేటప్పుడు దానిలో వెలుగిచ్చే చిప్పులు రెండూ రెండు పక్కలకి చూసేలా తిప్పి బిగించాలని కూడా చాలామందికి తెలియదు. ఎలా దూరితే అలా దూర్చేస్తారు. మేస్త్రీ ముందు దీపం డూమ్ విప్పి చూసుకున్నాడు. చిప్పులు సరిగానే ఉన్నాయి.

బండిని స్టాండు మీదకి ఎక్కించాడు. తాళం తిప్పి డిమ్ము వేశాడు.

తెల్లటి వెలుగు గోడ మీద పరుచుకుంది. పై అంచు నీలం గీతని వెంట్రుకవాసి తేడా లేకుండా ఆనుకుంది.

మేస్త్రీ అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. మూడు రోజుల నుంచి గుండె మీద ఉన్న బండ కొంచెం జరిగినట్టు అనిపించింది. గీత సరిగా ఉంది. మాస్టారి కళ్ళలో కొట్టింది ఈ వెలుగు కాదు. ఇంకెవరో, ఇంకేదో బండి. ఊళ్ళో ఇండికేటర్ టకటకా కొట్టుకునే బండి ఇదొక్కటే అవ్వాలని ఎక్కడుంది?

"దేవుడా" అన్నాడు పైకే.

"దేవుడేమో గానీ నేనొచ్చా" అంటూ షట్టరు కింద నుంచి ఒక తల, తర్వాత ఒక పొట్ట దూరి వచ్చాయి. పక్కన పంక్చర్ల కొట్టు అతను. చక్రాలకి గాలి కొడతాడు కాబట్టి, నోరు కూడా అలాంటిదే కాబట్టి, అందరికీ గాలి బావ. మేస్త్రీకి ఏ వరసా కాడు. ఇరవై ఏళ్ళు పక్కపక్కన కొట్లు పెట్టుకుంటే వరస అదే వచ్చింది.

"సెలవు పూట షట్టరేసుకుని ఏం చేస్తున్నావు బావా, దొంగనోట్లా?"

"లైటు చూసుకుంటున్నా."

"ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నావుగా, అదేమైనా కొత్త పెళ్ళికూతురా?" అంటూ గాలి బావ అలవాటుగా కాలు ఎత్తి, బండి వెనక సీటు మీద ధబీమని కూర్చున్నాడు.

బండి వెనక్కి ఒరిగి వెనక చక్రం నేలకి తగిలింది. గోడ మీద వెలుగు ఎగిరి పైకప్పు దాకా పోయింది.

"దిగు! స్టాండు మీద ఉన్న బండి ఎక్కుతారా ఎవరైనా, బుద్ధి ఉందా?" అని మేస్త్రీ కసిరాడు.

"అబ్బో, తమ్ముడి బండి కాబట్టి అంత ముద్దు" అని గాలి బావ దిగబోయాడు.

"ఆగు."

మేస్త్రీ గొంతు మారింది. గాలి బావ ఒక కాలు గాల్లో ఉంచి ఆగిపోయాడు.

మేస్త్రీ గోడ వైపు చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ గీత ముందు ఎన్ని వందల బండ్లు నిలబడ్డాయో. అన్నీ స్టాండు మీదే. స్టాండు మీద బండి తోక ఎత్తి ఉంటుంది, ముక్కు దించి ఉంటుంది. రోడ్డు మీద ఏ బండీ అలా నడవదు. రోడ్డు మీద దాని మీద మనుషులుంటారు.

"దిగి, ఇలా పట్టుకో" అన్నాడు. ఇద్దరూ కలిసి బండిని స్టాండు దించి చక్రాల మీద నిలబెట్టారు. వెలుగు రెండు వేళ్ళు పైకి వచ్చింది. మేస్త్రీ సీటు మీద కూర్చున్నాడు. వెనక షాకబ్జార్బర్ స్ప్రింగులు దిగాయి. వెలుగు ఇంకో రెండు వేళ్ళు లేచింది.

"ఇప్పుడు నువ్వెక్కు. మెల్లిగా."

గాలి బావ ఈసారి నోరెత్తకుండా ఎక్కి కూర్చున్నాడు. బండి వెనక భాగం కుంగింది. వెలుగు నీలం గీతని వదిలేసి జానెడు పైకి పోయి అక్కడ నిలిచింది.

పాత పసుపు బల్బుల రోజుల్లో జానెడు పైకి పోయినా ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వెలుగే అంతంత మాత్రం. ఎదుటివాడు ఒకసారి కళ్ళు చికిలించి దాటిపోయేవాడు. బల్బు మారింది. అలవాటు మారలేదు. మనిషిని కూడా దేవుడు స్టాండు మీద నిలబెట్టి చూడడు కాబోలు, బరువెక్కించి చూస్తాడు అనుకున్నాడు మేస్త్రీ. అనుకుని, చేతులు హ్యాండిలు మీద ఉంచుకునే చాలాసేపు కూర్చుండిపోయాడు.

"బావా," అన్నాడు గాలి బావ వెనక నుంచి, "నా జన్మలో బండెక్కి ఎక్కడికీ పోకుండా కూర్చోవడం ఇదే మొదటిసారి. దిగమంటావా?"

"దిగు. దిగి డ్రాయింగు మాస్టారింటికి పోయి, ఆయన్ని ఆటోలో తీసుకురా. నేను రమ్మన్నానని చెప్పు. ఇంకేం చెప్పకు."

"నేనేం చెబుతా? నాకేం తెలుసు గనక?" అని గాలి బావ వెళ్ళాడు.

* * *

మాస్టారు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్సిలు. చంకకర్రలు గోడకి ఆనించి, ప్యాంటు ఎడమ కాలు మడత మీద చేయి వేసుకున్నాడు. గాలి బావని ఇంటికి వెళ్ళమంటే వెళ్ళలేదు, షట్టరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మొన్న మీరు అడిగినప్పుడు గుర్తు లేదన్నాను మాస్టారూ" అన్నాడు మేస్త్రీ. "అబద్ధం."

మాస్టారు తలూపాడు. "తెలుసు."

"ఎలా?"

"గుర్తులేని మనిషి కాసేపు ఆలోచిస్తాడు. మీరు ఆలోచించలేదు."

మేస్త్రీ ఇక మాటలు వెతుక్కోలేదు. బండి దగ్గరికి వెళ్ళి చూపించడం మొదలుపెట్టాడు. స్టాండు మీద పెట్టి ఒకసారి. దించి, తనొక్కడే కూర్చుని ఒకసారి. గాలి బావని వెనక ఎక్కించుకుని ఇంకోసారి. అడక్కుండానే మాస్టారు లేచి, ఒంటికాలి మీద గెంతుతూ గోడ దగ్గరికి వెళ్ళి, ఒక్కో అంచు దగ్గరా పెన్సిలుతో గీత పెట్టాడు. నీలం గీతే మొదటిది. దాని పైన నాలుగు వేళ్ళకి ఒకటి. ఆ పైన జానెడుకి ఇంకొకటి. స్కేలు లేకుండా గీసినా తాడు పట్టి కొట్టినట్టు వచ్చాయి.

"పదిహేను అడుగులకి ఇంత లేస్తే" అని మాస్టారు పై గీత మీద వేలు పెట్టి, తనలో తను లెక్క వేసుకున్నాడు. "అరవై అడుగుల దగ్గర సరిగ్గా సైకిలు మీద కూర్చున్నవాడి కళ్ళు. అవును. వంతెన మొదట్లో అది నా కళ్ళలో పడింది. అక్కడి నుంచి నాకేమీ కనబడలేదు."

"తప్పు నాది" అన్నాడు మేస్త్రీ. "నడిపినవాడికి ముందు దారి బాగానే కనబడుతుంది. తన వెలుగు ఎదుటివాణ్ణి ఏం చేస్తుందో వాడికి తెలియదు. తెలియాల్సింది నాకు. ముప్ఫై ఏళ్ళు ఖాళీ బండికి లైటు సరిచేసి, మనుషులెక్కే బండికి సరిచేశాననుకున్నాను. ఎన్ని బండ్లు పంపానో, ఎంతమంది కళ్ళు చెదిరాయో. కాలు పోయింది మీ ఒక్కరికే అనుకోడానికి కూడా నాకు ధైర్యం లేదు. ఈ బండి ఎవరిదో మాత్రం అడక్కండి. పోలీసులకి చెబుతారా, నా పేరు చెప్పండి. నేను వచ్చి సంతకం పెడతాను. ఈ షాపు మూసెయ్యమంటే మూసేస్తాను."

షట్టరు కింద నుంచి వీధి చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. మాస్టారు మెల్లగా వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అది ఉంటే మేస్త్రీకి కొంచెం తేలికగా ఉండేది.

"మేస్త్రీ గారూ, మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. ఇంత మాట చెప్పడానికి మనిషికి మనసుండాలి. కానీ మీరు ముందు దీపం గురించి చెబుతున్నారు. నేను వచ్చింది వెనక దీపం గురించి."

"వెనకదా?"

"పడ్డాక నాకు స్పృహ పోలేదు. తల తిప్పి రోడ్డు వైపు చూశాను. బండి నన్ను దాటి పది బారలు వెళ్ళింది. ఎడమ ఇండికేటర్ అలాగే కొట్టుకుంటోంది. అప్పుడు దాని పక్కన బ్రేకు దీపం వెలిగింది, ఎర్రగా."

మేస్త్రీ వెంటనే అందుకున్నాడు. "వంతెన దాటితే ఎడమ మలుపు ఉందిగా మాస్టారూ. ఇండికేటర్ అందుకే వేశాడు. బ్రేకూ మలుపు కోసమే."

"మలుపు ఇంకా రెండొందల అడుగులు ఉంది. దూరాలు కొలిచి బొమ్మ గీయించడమే నా ఉద్యోగం. పొరబడను." మాస్టారు గొంతు అలాగే నిదానంగా ఉంది. "బండి ఆగింది. ఆ దీపం పది లెక్కపెట్టేంతసేపు వెలిగే ఉంది. నేను చేయి ఎత్తాను. అరిచాను కూడా అనుకుంటా. తర్వాత దీపం ఆరింది. బండి వెళ్ళిపోయింది."

గాలి బావ చేతులు కిందికి జారాయి.

"అరగంట ముందు తీసుకొచ్చి ఉంటే కాలు దక్కేదేమో అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో' పట్టుకుని ఎవరి మీదా కేసు పెట్టను. కాలు తిరిగి రాదు. నాకు నిద్ర పట్టనిది పడ్డందుకు కాదు. ఒక మనిషి ఆగాడు, చూశాడు, వెళ్ళిపోయాడు. వాడికి ఆ పది అంకెల్లో ఏం తోచింది? అది తెలియాలి. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి మనిషి ముఖం గీయడం నేర్పాను. ఇప్పుడు కాగితం ముందు కూర్చుంటే గుండ్రం గీసి ఆగిపోతున్నాను. లోపల ఏం పెట్టాలో తెలియడం లేదు."

తన తప్పు తను ఒప్పుకున్నాననీ, దాంతో బరువు దిగిందనీ మేస్త్రీ ఒక్క క్షణం అనుకున్నాడు. ఆ తప్పు నిజమే. కానీ దాన్ని తను తమ్ముడి ముందు తలుపులా అడ్డం పెట్టాడని ఇప్పుడు తెలిసింది. నిజం చెప్పి కూడా ఒకదాన్ని దాచవచ్చా? దాచితే దాన్ని నిజమే అంటారా?

"మీ తమ్ముణ్ణి ఒకసారి నా దగ్గరికి పంపండి" అన్నాడు మాస్టారు.

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. "నా తమ్ముడని మీకెవరు..."

మాస్టారు కళ్ళు పక్కకి తిప్పాడు. షట్టరు దగ్గర గాలి బావ నెత్తి మీద చేయి వేసుకున్నాడు.

"ఆటోలో ఊరికే అన్నాను బావా" అన్నాడు ఏడుపు గొంతుతో. "తమ్ముడి బండి మీద కూర్చోబెట్టి మా మేస్త్రీ నన్ను షాపులోనే ఊరేగించాడండీ అని... నవ్వుతారని... నాకేం తెలుసు, నా నోట్లో మన్ను పడ!"

"ఆయన్ని ఏమీ అనకండి" అన్నాడు మాస్టారు. "ఆయన చెప్పకపోయినా మీరు చెప్పేవారు. ఇవాళ కాకపోతే రేపు. లేకపోతే నన్ను పిలిచి ఉండరు."

మేస్త్రీ వచ్చి మాస్టారి ముందు నేల మీద కూర్చున్నాడు. "వాడికి వచ్చే నెల ఉద్యోగం మాస్టారూ. అంబులెన్సు మీద."

అన్నాక ఆ మాట తన చెవులకే ఎలా వినబడిందో, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మాస్టారు ప్యాంటు మడత సర్దుకున్నాడు.

"అయితే ఇంకా తప్పకుండా రావాలి" అన్నాడు చివరికి. "వాడితో పాటు వెనక కూర్చున్నవాళ్ళు కూడా."

"వెనకెవరూ ఉండరు. వాడెప్పుడూ ఒక్కడే తిరుగుతాడు."

మాస్టారు చంకకర్ర చివరతో గోడ మీది పెన్సిలు గీతలు చూపించాడు. "ఒక్కడే అయితే ఇదిగో, ఈ మధ్య గీత. ఈ వెలుగు నా నడుము దాటదు. నా కళ్ళలో పడింది పై గీత. ఇద్దరుంటేనే అంత లేస్తుందని ఇప్పుడు చూపించింది మీరే."

ఆయన కర్రలు చంకల్లో పెట్టుకుని లేచాడు. గాలి బావ పరుగున వెళ్ళి షట్టరు పూర్తిగా ఎత్తాడు. ఎండ ఒక్కసారిగా లోపలికి వచ్చి గోడ మీది వెలుగుని కనబడకుండా చేసింది. మేస్త్రీ లేవలేదు. ఆ గురువారం గుర్తుకొస్తోంది. ఆ రోజు షాపులో ఐదు బండ్లు ఉన్నాయి, ఊపిరాడని పని. భార్య వాళ్ళ అక్కకి ఒంట్లో బాగోలేదని కాల్వ అవతలికి చూడ్డానికి వెళ్ళింది. సాయంత్రం తను వెళ్ళి తీసుకురావాలి. కుదరక తమ్ముడికి ఫోన్ చేశాడు.

"మీ వదినని తీసుకురారా" అన్నాడు. అన్నది తనే.

* * *

ఇంటికి నడిచి వెళ్ళేసరికి పెరట్లో కుళాయి దగ్గర ఆమె గిన్నెలు తోముతోంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ వేళప్పుడు అతను ఇంటికి వచ్చింది చాలా తక్కువ. ఆమె తలెత్తి చూసి, "సెలవైనా షాపులోనే కూర్చుంటారు, తీరా ఇప్పుడొచ్చారు. అన్నం చల్లారిపోయింది" అంది.

"పర్లేదు."

"ముఖం ఏంటి అలా ఉంది? కళ్ళు తిరుగుతున్నాయా?"

అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఏ మాటతో మొదలుపెట్టాలో దారిపొడుగునా కూర్చుకున్నాడు గాని, ఆమె తడి చేతుల్ని చూడగానే అదంతా చెదిరిపోయింది. ఆ చేతులే తమ్ముడికి నాలుగేళ్ళప్పుడు జ్వరం వస్తే తొమ్మిది రాత్రులు తడిగుడ్డ వేశాయి. తనకి ఏ కష్టం వచ్చినా ముందు ఆ చేతులే ముందుకొచ్చాయి. ఈ మనిషి రోడ్డు మీద పడ్డవాణ్ణి వదిలేసి వస్తుందా? రాదు. అతనికి తెలుసు. తెలుసనే అనుకున్నాడు.

"మీ అక్కయ్యని చూసి వచ్చావే, ఆ గురువారం" అన్నాడు. "తమ్ముడి బండి మీద."

"ఊఁ."

"వంతెన దాటాక వాడు బ్రేకు వేశాడా?"

ఆమె చేతిలో గిన్నె మెరుస్తోంది. దాన్నే ఇంకా తోముతోంది. కుళాయి నీళ్ళు వృథాగా పోతున్నాయి. అతను లేచి కుళాయి కట్టాడు.

"వాణ్ణి అడిగారా?" అంది, వెనక్కి తిరక్కుండా.

"లేదు. ముందు నిన్నే అడుగుతున్నా."

"అయితే వాణ్ణి అడక్కండి." గిన్నె కింద పెట్టింది. "వాడి తప్పేం లేదు. చప్పుడు వినగానే ఆపాడు. బండి దిగబోయాడు. నేనే వాడి చొక్కా పట్టుకుని లాగాను. పోనీయమని అన్నాను. వాడు వద్దు వదినా, మనిషి పడిపోయాడు అన్నాడు. నామీద ఒట్టు పెట్టి బండి కదిలేలా చేశాను. అప్పటి నుంచి వాడు నా కళ్ళలోకి చూసి మాట్లాడ్డం లేదు. మీరు గమనించలేదు."

"నువ్వా?"

ఆమె ఇప్పుడు తిరిగింది. కళ్ళలో నీళ్ళు లేవు. రెండు నెలలుగా ఒకే మాటని గొంతులో పెట్టుకుని తిరిగిన మనిషి ముఖం అది.

"చీకటి ఇంకా పూర్తిగా పడలేదండీ. చేయి ఎత్తాడు. ముఖం కనబడింది" అంది. "ఆ మనిషి ఎవరో నాకు తెలుసు. మీరు నా జీవితంలోకి రాక ముందు నుంచీ తెలుసు."